యంత్రం చెడిన రాత్రి ఫిర్యాదు ఎవరు వ్రాయాలి?

పాల సంఘంలో పాలు పోసే ప్రతి సభ్యునికి రెండు విషయాలపై కన్ను ఉంటుంది. ఒకటి కొలత, రెండవది వెన్నశాతం. ఈ రెండింటికీ చీటీ ఉంది, పుస్తకం ఉంది. తేడా వస్తే నిలబెట్టి అడగవచ్చు. కాని సాయంత్రం పాలు పోసి ఇంటికి వెళ్ళిన తరువాత, తెల్లవారి ట్యాంకరు వచ్చేదాకా ఆ పాలకు ఏమి జరిగిందో చాలా సంఘాలలో ఏ పుస్తకంలోనూ కనిపించదు. ఈ వ్యాసం ఆ రాత్రిని గురించి.

విచారణలో తేలని సంగతి

కొన్ని సంవత్సరాల క్రితం ఒక సంఘంలో బల్క్ కూలర్‌లోని పాలు విరిగినవి. నష్టానికి బాధ్యులెవరో తేల్చవలసిందిగా సహకార సంఘాల చట్టం 51వ సెక్షన్ క్రింద నన్ను విచారణకు పంపారు. జరిగినది ఇది. సాయంత్రం సేకరణ ముగిసిన తరువాత కరెంటులో ఒక ఫేజు పోయింది. కంప్రెసర్ మోటారు కాలిపోకుండా కాపాడే ఓవర్‌లోడ్ రిలే పనిచేసి మోటారును ఆపివేసింది. కొంతసేపటికి ఫేజు తిరిగి వచ్చింది. కాని ఆ రిలేను చేతితో నొక్కి సరిచేస్తే తప్ప కంప్రెసర్ మళ్ళీ తిరగదు. లైట్లు వెలుగుతున్నవి. పాలను కలిపే రెక్క తిరుగుతున్నది. అందుచేత అంతా సక్రమంగానే ఉందని సహాయకుడు అనుకున్నాడు. రాత్రి పది గంటలకు డిగ్రీలు చూసి కంగారుపడి కార్యదర్శికి చెప్పాడు. కార్యదర్శి మెకానిక్‌కు ఫోను చేశానని అన్నాడు. తనకు తెల్లవారి ఆరు గంటలకే తెలిసిందని మెకానిక్ అన్నాడు. ట్యాంకరు వచ్చేసరికి నమూనా మరిగించి చూస్తే పాలు విరిగాయి. ట్యాంకరు ఖాళీగా తిరిగి వెళ్ళింది.

విచారణలో ఇద్దరూ ప్రమాణం చేసినంత గట్టిగా చెప్పారు. ఒక్కరి దగ్గరా కాగితం లేదు. చివరకు నష్టం ఆ పదిహేను రోజుల బిల్లులో సభ్యుల మీదనే పడింది. రెండు గేదెల మీద సంసారం నడిపే ఒక వితంతువు నా దగ్గరకు వచ్చి, "అయ్యా, నా పాలు ఏ గంటకు చెడిపోయినాయో, ఆ గంటకు ఎవరికి తెలుసో మీ పుస్తకాలలో ఎక్కడైనా ఉందా?" అని అడిగింది. లేదమ్మా అని చెప్పడం తప్ప నేను చేయగలిగింది లేకపోయింది. డిప్లొమా తరగతులలో లెక్కల పుస్తకాలన్నీ నేర్చుకున్నాను గాని, ఆమె అడిగిన పుస్తకం వాటిలో లేదు.

సర్వీస్ డెస్క్ అంటే ఏమిటి?

పెద్ద పెద్ద సంస్థలలో కంప్యూటర్లు చెడిపోయినప్పుడు ఉద్యోగులు మెకానిక్‌ను వెతుక్కుంటూ తిరగరు. సర్వీస్ డెస్క్ అనే ఒకేచోట ఫిర్యాదు నమోదు చేస్తారు. నమోదు కాగానే దానికి ఒక నెంబరు పడుతుంది. దీనినే టిక్కెట్ అంటారు. బస్సు టిక్కెట్ వంటిదే. నెంబరు, తేదీ, గంట దానిపై ఉంటాయి. ఎవరు చెప్పారు, ఏమి చెడింది, ఎవరికి అప్పగించారు, ఎప్పుడు మొదటి జవాబు వచ్చింది, ఎప్పుడు బాగయింది అనే వివరాలన్నీ ఆ టిక్కెట్‌కు అంటిపెట్టుకొని ఉంటాయి. తరువాత ఎవరూ గంటను మార్చి చెప్పలేరు.

1980 దశకంలో బ్రిటిష్ ప్రభుత్వం తన కంప్యూటర్ విభాగాల కోసం ఐటిఐఎల్ అనే మార్గదర్శక గ్రంథాలను తయారు చేయించింది. అందులో మనకు పనికివచ్చే ఒక విభజన ఉంది. ఒకసారి జరిగిన చెడు వేరు, అది మాటిమాటికీ జరగడానికి మూలకారణం వేరు. కూలర్ ఈ రాత్రి ఆగితే రిలే నొక్కి నడిపించడం మొదటిది. నెలలో ఐదుసార్లు ఆగితే ఫేజు ఎందుకు పోతున్నదో చూసి సరిచేయించడం రెండవది. టిక్కెట్లు వరుసగా ఉన్నప్పుడే రెండవది బయటపడుతుంది. నోటిమాటగా చెప్పిన ఫిర్యాదులను ఎవరూ లెక్కపెట్టలేరు.

యంత్రమే ఫిర్యాదు వ్రాసుకొనే పద్ధతి

టిక్కెట్ పద్ధతి ఉన్నచోట కూడా ఒక చిక్కు ఉంది. ఫిర్యాదు వ్రాయడానికి మనిషి మేలుకొని ఉండాలి, చూడాలి, తెలుసుకోవాలి, తీరిక చేసుకోవాలి. పై సంఘంలో లోపించినవి ఇవే. అందుచేత నేడు అనేక సంస్థలలో టిక్కెట్‌ను మనిషి కాక, చిన్న కంప్యూటర్ ఆదేశపత్రం వ్రాస్తుంది. దీనిని స్క్రిప్ట్ అంటారు. మన కార్యదర్శికి పాలకవర్గం ఇచ్చే ఆదేశం వంటిదే ఇది. 'ఫలానా పరిస్థితి కనబడితే ఫలానా పని చేయుము' అని వరుసగా వ్రాసి ఉంటుంది. తేడా ఒక్కటే. అది నిద్రపోదు.

ఇటువంటి స్క్రిప్ట్‌లను ఎక్కువగా పైథాన్ అనే కంప్యూటర్ భాషలో వ్రాస్తారు. డచ్ దేశస్థుడైన గీడో వాన్ రోసమ్ రూపొందించిన ఈ భాష 1991లో బయటకు వచ్చింది. పేరు విని కొండచిలువ అనుకోనక్కరలేదు. ఒక బ్రిటిష్ టెలివిజన్ హాస్య కార్యక్రమం పేరులో నుంచి దానిని తీసుకున్నారు. సర్వీస్ డెస్క్‌లుగా వాడే కంప్యూటర్ వ్యవస్థలు చాలా ఉన్నవి. వాటిలో ఒకటి ఆస్ట్రేలియాలో పుట్టిన అట్లాసియన్ కంపెనీ వారి జిరా. మన వంటింటి జీలకర్రతో దీనికి చుట్టరికం లేదు. గాడ్జిల్లా అనే సినిమా రాక్షసుని జపాను పేరు గోజిరాను కుదించి ఆ పేరు పెట్టారు. 2013లో జిరాకు సర్వీస్ డెస్క్ వచ్చింది. 2020 నుంచి దానిని జిరా సర్వీస్ మేనేజ్‌మెంట్ అంటున్నారు.

ఇక లైబ్రరీ సంగతి. ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకాల గది కాదు. ఇతరులు ముందే వ్రాసి, పరీక్షించి, అందరి వాడకానికి ఉంచిన ఆదేశాల సంచి. జిరాతో మాట్లాడడానికి పైథాన్‌లో అదే పేరుగల లైబ్రరీ ఒకటి ఉంది. దీనిని ఉచితంగా తెచ్చుకోవచ్చు. ప్రతి సంఘమూ దాణాను స్వంతంగా కలుపుకోకుండా మిశ్రమ దాణా బస్తా తెచ్చుకున్నట్లే, స్క్రిప్ట్ వ్రాసేవారు కూడా జిరా తలుపు ఎలా తట్టాలో మొదటి నుంచి వ్రాయనక్కరలేదు. ఆ తలుపును ఏపీఐ అంటారు. మనుషుల కోసం ముందు కిటికీ ఉన్నట్లే, యంత్రాల కోసం పెట్టిన వెనుక కిటికీ అది. అక్కడ అడిగిన గడులు సరిగా నింపి ఇస్తే నెంబరు వేసి తిరిగి ఇస్తుంది. గడి ఖాళీగా ఉంటే పుచ్చుకోదు.

ఒక రాత్రి జరిగే క్రమం

పాలు పితికినప్పుడు పశువు ఒంటివేడితో, అంటే సుమారు 37, 38 డిగ్రీల సెంటీగ్రేడుతో ఉంటాయి. ఆ వేడిలో సూక్ష్మజీవులు త్వరత్వరగా పెరుగుతాయి. 4 డిగ్రీలకు దించితే ఆ పెరుగుదల బాగా మందగిస్తుంది. చల్లదనం చెడిన పాలను బాగుచేయదు. ఉన్న మంచిని నిలబెడుతుంది, అంతే. కాబట్టి పోయిన ప్రతి గంటా తిరిగిరానిది. ఇది దృష్టిలో పెట్టుకొని ఈ క్రింది క్రమాన్ని చూడండి.

1. కూలర్‌కు అమర్చిన ఉష్ణమాపక పరికరం ఐదు నిమిషాలకొకసారి డిగ్రీలను యూనియన్ కార్యాలయానికి పంపుతుంది. స్క్రిప్ట్ సంఘంలో కాక కార్యాలయంలోని కంప్యూటర్‌లో నడవాలి. సంఘంలోనే పెడితే కరెంటు పోయినప్పుడు కూలర్‌తోపాటు అది కూడా ఆగిపోతుంది. ఇంటికి నిప్పంటుకున్నప్పుడు కాపలాదారు లోపలే చిక్కుకున్నట్లు అవుతుంది.

2. స్క్రిప్ట్ నియమం ప్రకారం తీర్పు చెబుతుంది. '4 డిగ్రీలు దాటితే ఫిర్యాదు' అనే నియమం పనికిరాదు. గోరువెచ్చని పాలు పోస్తున్నంతసేపు డిగ్రీలు పైనే ఉంటాయి. ఉదాహరణకు, 'సేకరణ ముగిసి రెండు గంటలైనా 10 డిగ్రీల పైన ఉండి, ఆ తరువాత అరగంటలో ఏమీ తగ్గకపోతే' అని పెట్టవచ్చు. కూలర్ సామర్థ్యాన్ని బట్టి ఈ అంకెలను మెకానిక్, కార్యదర్శి కూర్చొని నిర్ణయించాలి. కంప్యూటర్ వారికి వదలరాదు.

3. అంకెలు అసలే రాకపోవడం కూడా ఒక ఫిర్యాదే. పరికరం మౌనంగా ఉంటే అంతా క్షేమమని అనుకోకుండా, అరగంట మౌనానికి కూడా టిక్కెట్ వ్రాయాలి.

4. వ్రాసే ముందు, అదే సంఘం, అదే కూలర్ మీద ఇంకా పరిష్కారం కాని టిక్కెట్ ఉన్నదేమో స్క్రిప్ట్ వెతకాలి. ఉంటే కొత్తది వ్రాయకుండా పాతదానిలోనే కొత్త డిగ్రీలను వ్యాఖ్యగా చేర్చాలి.

5. లేకపోతే లైబ్రరీలోని 'క్రియేట్ కస్టమర్ రిక్వెస్ట్' అనే ఆదేశంతో టిక్కెట్ పుట్టించాలి. దానికి నాలుగు సంగతులు అందించాలి. ఏ సర్వీస్ డెస్క్, ఏ రకం అభ్యర్థన, విషయం ఏమిటి, వివరణ ఏమిటి. వివరణ ఈ విధంగా ఉండవచ్చు: 'సేకరణ ముగిసినది రాత్రి 7-30. 9-30కి 19 డిగ్రీలు. 10-00కి 19 డిగ్రీలు. తగ్గుట లేదు. కంప్రెసర్, రిలే చూడవలెను.'

6. టిక్కెట్ నెంబరు తిరిగి రాగానే అది కార్యదర్శికి, రాత్రి విధిలో ఉన్న మెకానిక్‌కు సందేశంగా వెళుతుంది. ఇంతటికీ పట్టేది కొద్ది క్షణాలు.

పై సంఘంలో ఇది ఉండి ఉంటే, పది గంటలకు ఫోను చేశారా లేదా అన్న తగవే ఉండేది కాదు. అంతకన్నా ముఖ్యంగా, సంఘానికి ఫోనులోనే 'రిలే నొక్కండి' అని మెకానిక్ చెప్పి ఉంటే పాలు దక్కేవి.

జరగగల పొరపాట్లు

కంప్యూటర్ వ్రాసిందంటే సరిగానే ఉంటుందని అనుకోరాదు. తెలిసి జాగ్రత్తపడవలసిన పొరపాట్లు కొన్ని చెబుతాను.

మొదటిది, ఫిర్యాదుల వరద. నాలుగవ మెట్టులో చెప్పిన వెతుకులాట లేకపోతే, రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు వరకు ఐదు నిమిషాలకొకటి చొప్పున ఒకే కూలర్ మీద 96 టిక్కెట్లు పడతాయి. అవి చూసిన మెకానిక్ ఫోను తిరగేసి పెట్టి పడుకుంటాడు. వాటి మధ్య వేరొక సంఘం టిక్కెట్ ఉన్నా కనిపించదు. ఎక్కువ ఫిర్యాదులు వ్రాయడం అంటే ఫిర్యాదును దాచడమే.

రెండవది, జంట టిక్కెట్. స్క్రిప్ట్ పంపింది, జిరా నెంబరు వేసింది, జవాబు వచ్చే దారిలో నెట్‌వర్క్ తెగింది. జవాబు రాలేదని స్క్రిప్ట్ మళ్ళీ పంపితే రెండు నెంబర్లు పడతాయి. అందుచేత మళ్ళీ పంపేముందు మళ్ళీ వెతకాలి. కొత్తగా పుట్టిన టిక్కెట్ వెతుకులాటలో వెంటనే కనబడకపోవచ్చు కనుక, తాను పంపినవాటిని స్క్రిప్ట్ తన దగ్గర కూడా వ్రాసుకోవాలి. మనం పంపిన ఉత్తరాలకు డిస్పాచ్ పుస్తకం పెట్టినట్లే ఇది.

మూడవది, రకం లేని టిక్కెట్. జిరా లైబ్రరీలో 'క్రియేట్ ఇష్యూ' అని వేరొక ఆదేశం కూడా ఉంది. దానితోనూ టిక్కెట్ పుడుతుంది. కాని అభ్యర్థన రకం చేర్చకపోతే అది లోపలి సిబ్బందికే కనబడుతుంది. బయట సంఘానికి ఉన్న కిటికీలో కనబడదు. టిక్కెట్ ఉన్నా సంఘం దానిని చూడలేకపోతే, అధికారి బల్ల సొరుగులోని అర్జీకీ దానికీ తేడా ఏమిటి?

నాలుగవది, టోకెన్. వెనుక కిటికీ దగ్గర స్క్రిప్ట్ తన అధికారాన్ని చూపడానికి టోకెన్ అనే రహస్య అక్షరమాల ఉంటుంది. ఇది సంఘం ఇనప్పెట్టె తాళంచెవి వంటిది. దానిని స్క్రిప్ట్‌లోనే వ్రాసి పదిమందికి పంచరాదు. ఒక ఉద్యోగి స్వంత పేరు మీద కాక, ఈ పనికే కేటాయించిన ఖాతా మీద తీసుకోవాలి. లేకపోతే ఆయన బదిలీ అయి ఖాతా మూసిన రోజున స్క్రిప్ట్ కూడా ఆగుతుంది. టోకెన్‌కు గడువు కూడా ఉంటుంది. గడువు తీరితే కిటికీ 401 అనే సంఖ్యను తిరిగి ఇస్తుంది. 'నీవెవరో నాకు తెలియదు' అని దాని అర్థం. 201 వస్తే టిక్కెట్ పుట్టినట్లు. 400 వస్తే గడులు తప్పుగా నింపినట్లు. 429 వస్తే తొందరపడి ఎక్కువసార్లు అడుగుతున్నావు, ఆగి రమ్మని. ఈ సంఖ్యలను స్క్రిప్ట్ చూడకుండా వదిలేస్తే, ఫిర్యాదు వెళ్ళిందని మనం నమ్ముతూనే ఉంటాము, అక్కడ ఏమీ ఉండదు. కిటికీ పలకనప్పుడు మెకానిక్‌కు ఫోను సందేశం వెళ్ళే రెండవ దారి తప్పనిసరి.

ఐదవది, మూసివేత. డిగ్రీలు తగ్గగానే స్క్రిప్ట్ టిక్కెట్‌ను తానే మూసివేసేటట్లు కూడా చేయవచ్చు. నేను దీనికి ఒప్పుకోను. కూలర్ నడవడం వేరు, పాలు నిలబడడం వేరు. తెల్లవారి నమూనా పరీక్షించి, కార్యదర్శి సరేనన్న తరువాతే మూయాలి.

ఇది చేయలేని పనులు

సభ్యులకు లేనిపోని ఆశలు పెట్టడం నాకు ఇష్టం లేదు. టిక్కెట్ రిలేను నొక్కదు. రాత్రి విధికి మెకానిక్‌నే వేయని చోట, జనరేటర్ బాగుచేయించని చోట, టిక్కెట్ ఆలస్యానికి సాక్ష్యంగా మాత్రమే మిగులుతుంది. అయితే సాక్ష్యం కూడా చిన్నది కాదు. ఫోను చేశాను, చేయలేదు అనే మాటల మధ్య ఇంతకాలం నలిగింది పాలు పోసినవారే.

ఇంకొక సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఈ సాక్ష్యం రెండువైపులా కోస్తుంది. టిక్కెట్ పదింటికి వచ్చి, మెకానిక్ పది నిమిషాలలో ఫోను చేస్తే, సంఘంలో ఎత్తినవారు లేకపోతే అది కూడా అందులోనే ఉంటుంది. జనరేటర్‌లో డీజిల్ పోయించకపోతే అది కూడా తెలుస్తుంది. యూనియన్ తప్పు పట్టుకోవడానికే ఇది కావాలనుకొనే కార్యదర్శులు ముందుగా తమ ఇంటిని చక్కదిద్దుకోవడం మంచిది.

అదీగాక, యంత్రానికి యంత్రం బాధే తెలుస్తుంది. వెన్నశాతం తక్కువ చూపారని, దాణా బస్తా తూకం తగ్గిందని, పశువైద్యుడు రాలేదని చెప్పేది సభ్యుడే. ఆ ఫిర్యాదుకు కూడా టిక్కెట్ నెంబరు ఇవ్వాలి. ఫోనులో గడులు నింపడం చేతకాని పెద్దవారు నోటితో చెబితే, కార్యదర్శి నమోదు చేసి, నెంబరు చీటీ మీద వ్రాసి వారి చేతికి ఇవ్వాలి. కూలర్‌కు ఇచ్చే మర్యాద మనిషికి ఇవ్వకపోతే అది సహకార సంఘం కాదు.

సంఘాలు చేయవలసినది

స్క్రిప్ట్ వ్రాయడం సంఘం పని కాదు. ఆ పని యూనియన్ కంప్యూటర్ విభాగానిది. కాని దానిని కోరడం, సరిగా నడిచేటట్లు చూడడం సంఘం పని. వచ్చే పాలకవర్గ సమావేశంలో ఈ విషయాలు చర్చించి తీర్మానం చేయవచ్చు:

(అ) కూలర్ ఫిర్యాదులకు యంత్రం ద్వారా టిక్కెట్ పద్ధతి పెట్టవలసిందిగా యూనియన్‌ను కోరడం. మొదట ఒకటి రెండు సంఘాలలో, అసలు సర్వీస్ డెస్క్‌లో కాక ప్రయోగం కోసం పెట్టిన విడి డెస్క్‌లో నడిపి చూడమనడం.

(ఆ) డిగ్రీల నియమాన్ని, టిక్కెట్‌కు ఎంతసేపటిలో మొదటి జవాబు రావాలో అనే గడువును వ్రాతపూర్వకంగా ఖాయం చేసుకోవడం.

(ఇ) ఆ పద్ధతి వచ్చేవరకు, మామూలు నోటుబుక్కు ఒకటి కూలర్ దగ్గర వ్రేలాడదీసి, రాత్రి మూడుసార్లు గంట, డిగ్రీలు వ్రాసి సంతకం చేయించడం. ఫిర్యాదు చేసినప్పుడు అవతలివారి పేరు, గంట కూడా అందులోనే వ్రాయడం. దీనికి పైథాన్ అవసరం లేదు.

(ఈ) నెలకొకసారి టిక్కెట్ల పట్టికను నోటీసు బోర్డు మీద అంటించడం. ఏది ఎప్పుడు వ్రాశారు, ఎప్పుడు బాగయింది అనేది సభ్యులందరూ చూడాలి.

లెక్క ఉన్నచోటే నమ్మకం ఉంటుందని మన ఉద్యమం మనకు నేర్పింది. అందరి ఎదుట కొలిచి, పరీక్షించి, చీటీ ఇవ్వడం వల్లనే పేద రైతుకు సంఘం మీద గురి కుదిరింది. కొలతకు ఇచ్చిన ఆ చీటీని ఇప్పుడు రాత్రికి కూడా ఇవ్వవలసి ఉన్నది. ఆ రోజు నన్ను అడిగిన తల్లి మళ్ళీ ఏ సంఘం గుమ్మంలోనైనా అదే ప్రశ్న అడిగితే, 'ఉందమ్మా, రాత్రి పది గంటలకు, ఇదిగో నెంబరు' అని కార్యదర్శి చీటీ తీసి చూపగలగాలి. ఆ జవాబు వెంట ఆమె డబ్బు కూడా ఆమెకు దక్కాలి.